ఒడ్డు నుంచి కెరటం దాటే చిన్న బోటుకి ఏ జీపీఎస్, ఏ ఫిష్ ఫైండర్?

ఒడిశాలోని గంజాం జిల్లా తీరంలో గోపాలపూర్, మార్కండి, రామయ్యపట్నం, సోనాపురం పేటల నుంచి వేటకి పోయే ఫైబర్ బోట్లలో చాలావాటికి జెట్టీ లేదు. ఇసుక మీద నెట్టుకుపోయి కెరటం దాటించాలి, తిరిగొచ్చేటప్పుడు ఆ కెరటం మీదే ఒడ్డుకి కొట్టించాలి. ఫిష్ ఫైండర్ అంటే నీటిలోకి శబ్దం పంపి, తిరిగొచ్చిన దాన్ని బట్టి లోతు, నేల, చేప చూపే సెట్టు, ఎకో అనేదీ దాన్నే. ఆ కంపెనీల పుస్తకాలు రాసేది రేవులో కట్టి ఉంచే బోట్ల గురించి. ఆ పుస్తకం చూసి బోటు వెనక చెక్కకి ట్రాన్స్‌డ్యూసర్ (నీటిలో శబ్దం పంపి అందుకునే ముక్క) బిగిస్తే మన దగ్గర అది ఇసుకలో దిగబడి విరుగుతుంది. బోటు రాత్రంతా ఒడ్డున ఉంటుంది గనక సెట్టుని రోజూ విప్పి ఇంటికి తెచ్చుకోవాలి. పైగా తాడుతో లాగి, హ్యాండిల్ తిప్పి స్టార్ట్ చేసే లాంగ్‌టెయిల్ (పొడుగు కడ్డీ చివర ప్రొపెల్లరు ఉండే) డీజిల్ ఇంజన్లలో ఎక్కువవాటికి బ్యాటరీ ఛార్జ్ చేసే ఏర్పాటే ఉండదు.

అందుకని కొనేటప్పుడు ప్రశ్నల వరస మార్చుకోవాలి. ట్రాన్స్‌డ్యూసర్ ఎక్కడ పెడతాం? కరెంటు ఎక్కడి నుంచి? మన వల ఏది? ఈ మూడింటికీ జవాబు దొరికాక ఏ కంపెనీ, ఎన్ని అంగుళాలు అనేది పది నిమిషాల్లో తేలిపోతుంది.

ముందు జీపీఎస్, తర్వాతే ఎకో

డబ్బు ఒక్కదానికే సరిపోతే జీపీఎస్ కొనండి. ఇందులో మొహమాటం అక్కర్లేదు. పొగమంచులో, వానలో, మహేంద్రగిరి కొండ కనబడని రోజున మనుషుల్ని ఇంటికి చేర్చేది అదే. ఎకో తెచ్చేది చేప, జీపీఎస్ కాపాడేది ప్రాణం.

ఎకో ఎంత పనికొస్తుందన్నది వేటని బట్టి ఉంటుంది. రాత్రంతా నీటివాలుకి వదిలేసే పైవలల వాళ్ళకి ఎకో వల్ల వచ్చే లాభం తక్కువ. వల ఎక్కడ వదిలామో, ఎంత కొట్టుకొచ్చామో, పక్క బోటు వల ఎటుందో తెలియడమే వాళ్ళకి ముఖ్యం. నేలవల వేసేవాళ్ళకి, రాళ్ళ చోట గేలాలు వేసేవాళ్ళకి లెక్క తిరగబడుతుంది. నేల గట్టిదో మెత్తదో, రాయి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలియకపోతే వల చిరుగుతుంది, గేలం చిక్కుకుంటుంది. వాళ్ళకి ఎకో తొందరగానే డబ్బు తిరిగి ఇస్తుంది. రింగు వల వాళ్ళకి గుంపు ఏ లోతులో ఉందో తెలియాలి గనక అదీ అవసరమే. చిలికలో వేట చేసేవాళ్ళు మాత్రం ఎకో జోలికి పోవద్దు. అక్కడ చాలాచోట్ల నీళ్ళు రెండు మీటర్లు కూడా ఉండవు, అంత తక్కువ నీటిలో అది చూపగలిగేది దాదాపు ఏమీ లేదు. చిలికకి చేతి జీపీఎస్ చాలు.

ఫోనా, చేతి సెట్టా, కాంబోనా?

ఫోన్లో జీపీఎస్, మొబైల్ సిగ్నల్ లేనిచోట కూడా పనిచేస్తుంది, మ్యాపు ముందే దింపుకుంటే చాలు. కానీ తడి వేలికి తెర పలకదు, ఎండలో వేడెక్కి ఆరిపోతుంది, ఉప్పునీళ్ళు ఛార్జింగ్ కన్నంలోకి పోతే అంతే. పైగా ఆ ఫోను మీదే అవసరమొస్తే కోస్ట్‌గార్డు 1554కి కాల్ చెయ్యాలి. నీళ్ళు పోని పౌచ్‌లో పెట్టి రెండో ఆధారంగా ఉంచుకోవాలే గానీ మొదటిది చేసుకోకూడదు.

గార్మిన్ ఈట్రెక్స్ 10 లాంటి చేతి సెట్టు రెండు ఏఏ సెల్లుల మీద దాదాపు 20 గంటలు నడుస్తుంది. బోటు బ్యాటరీతో పని లేదు, వైరు లేదు, జేబులో పెట్టుకుని ఇంటికి తెచ్చుకోవచ్చు. లోపం ఒక్కటే, నీళ్ళలో పడితే మునిగిపోతుంది. తేలే సెట్టు కావాలంటే అదే కంపెనీ జీపీఎస్ 73, జీపీఎస్‌మ్యాప్ 79ఎస్ లాంటి సముద్రపు రకాలు చూడాలి, ధర ఎక్కువ. ఈట్రెక్స్ కొంటే దానికి నైలాన్ తాడు, తాడుకి చిన్న వల బెండు కట్టండి. డబ్బా మీద ఐపీఎక్స్7 అని రాసి ఉంటే మీటరు లోతు నీళ్ళలో అరగంట ఆగుతుందని అర్థం. ఉప్పునీళ్ళలో రోజూ నానబెట్టొచ్చని కాదు. సెల్లుల మూతకి ఉండే రబ్బరు గీతలో ఇసుక రేణువు ఇరుక్కుంటే నీళ్ళు లోపలికి పోతాయి. సెల్లులు మార్చిన ప్రతిసారీ ఆ గీతని గోటితో తడిమి చూడాలి.

కాంబో అంటే జీపీఎస్, ఎకో ఒకే డబ్బాలో ఉండేది. 3.5 అంగుళాల గార్మిన్ స్ట్రైకర్ 4 ఈ తరహాలో చిన్నది. ఆ తరవాత స్ట్రైకర్ వివిడ్‌లో, లోరెన్స్ హుక్ రివీల్‌లో 5, 7 అంగుళాలవి ఉన్నాయి. స్ట్రైకర్ వరసలో ఒక సంగతి కొనకముందే తెలిసి ఉండాలి: వాటిలో తీరం గీత ఉండదు, చార్టు (సముద్రపు మ్యాపు) ఉండదు. మనం గుర్తుపెట్టిన చోట్లు, వచ్చిన దారి మాత్రమే తెల్లకాగితం మీద చుక్కల్లా కనిపిస్తాయి. మన వేటకి అది సరిపోతుంది, ఎందుకంటే మనం పోయేది మనకి తెలిసిన చోట్లకే. తీరం, ఓడల దారి, లోతుల అంకెలు తెరమీదే కావాలనుకుంటే చార్టు వేసుకునే ప్లాటర్‌కి పోవాలి, ఖర్చు రెట్టింపు దాటుతుంది. రోజు వేటకి పోయి రోజు తిరిగొచ్చే బోటుకి ఆ ఖర్చు దండగ. పెద్ద బోట్లలో కనిపించే ఫురూనో ఎఫ్‌సీవీ-628 లాంటి ఎకోల్లో జీపీఎస్ విడిగా కొనాలి. గట్టి సామానే, కానీ డబ్బా, ట్రాన్స్‌డ్యూసర్, తీగ అన్నీ బోటుకి శాశ్వతంగా బిగించడానికి చేసినవి.

కాంబోతో ఒక ప్రమాదం ఉంది. బ్యాటరీ పోతే ఎకో, దారి రెండూ ఒక్కసారే పోతాయి. అందుకే ఖరీదైన 7 అంగుళాల కాంబో ఒక్కటి కొనడం కంటే, 3.5, 4 అంగుళాల చిన్న కాంబో, దానితోపాటు ఒక చేతి జీపీఎస్ కొనడం మంచిదని గట్టిగా చెప్తాం.

ప్రభుత్వం ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద బోట్లకి పెట్టే ట్రాన్స్‌పాండర్ ఉపగ్రహం ద్వారా ఆపద కబురు పంపుతుంది, తుఫాను హెచ్చరిక తెస్తుంది. అది తప్పకుండా పెట్టించుకోండి. అయితే అది ఉందని జీపీఎస్ మానొద్దు, రెండింటి పనీ వేరు.

అంకెలు తప్పుగా కొడితే పదకొండు కిలోమీటర్లు

జీపీఎస్ చెడిపోవడం కంటే అంకె తప్పుగా ఎక్కించడం వల్ల జరిగే నష్టమే ఎక్కువ. హైదరాబాదులోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ పంపే చేపల ఆచూకీ సమాచారంలో స్థానం డిగ్రీలు, నిమిషాలు, సెకన్లలో వస్తుంది. సెట్టు సాధారణంగా డిగ్రీలు, నిమిషాలు, నిమిషంలో వెయ్యో వంతులు చూపించేలా వస్తుంది.

ఉదాహరణకి కబురులో 19 డిగ్రీల 15 నిమిషాల 30 సెకన్లు అని ఉందనుకోండి. ముప్పై సెకన్లంటే అర నిమిషం. కాబట్టి సెట్టులో కొట్టాల్సింది 19 డిగ్రీల 15.500. చూసిన అంకెని చూసినట్టే 15.300 అని కొడితే 370 మీటర్లు తప్పుతుంది. రాయి మీద గేలం వేసేవాళ్ళకి ఆ తేడాతో రాయే దొరకదు. అదే సెట్టు పూర్తిగా దశాంశ డిగ్రీల్లో ఉండి, 19.1530 అని కొడితే దాదాపు 11.7 కిలోమీటర్లు తప్పు. అంత దూరానికి పోసిన డీజిల్ ఎవరూ తిరిగి ఇవ్వరు.

గుర్తుంచుకోవడానికి లెక్క సులువే. ఉత్తర దక్షిణాల్లో ఒక నిమిషం అంటే ఒక నాటికల్ మైలు, 1852 మీటర్లు. ఒక సెకను సుమారు 31 మీటర్లు. సెకన్లని 60తో భాగిస్తే వచ్చేది నిమిషం చుక్క తరవాత రాయాలి. ఇంకా తేలిక దారి, సెట్టింగులో పొజిషన్ ఫార్మాట్‌ని డిగ్రీ-నిమిషం-సెకనుకే మార్చేయడం. కాకపోతే పేటలో అందరి సెట్లూ ఒకే ఫార్మాట్‌లో ఉంచుకోవాలి, లేకపోతే ఫోన్లో ఒకరికొకరు చెప్పుకునే అంకెలు కలవవు. సెట్టింగులో మ్యాప్ డేటమ్ (స్థానం అంకెలకి ఆధారమైన భూమి కొలత) డబ్ల్యూజీఎస్ 84 మీద ఉందో లేదో చూడాలి. అది వేరేదాని మీద ఉంటే వందల మీటర్ల తేడా వస్తుంది, కారణం ఎవరికీ అంతుపట్టదు.

సెట్టింగులో వాస్ లేదా ఎస్‌బాస్ అని ఉన్నది ఆన్ చేస్తే, దాన్ని అందుకునే సెట్లు స్థానాన్ని ఇంకా కచ్చితంగా చూపడానికి మన గగన్ ఉపగ్రహాల సవరణ కూడా తీసుకుంటాయి. మనిషి నీళ్ళలో పడితే ఆ చోటు గుర్తుపెట్టడానికి నొక్కే ఎంఓబీ బటన్ ఎక్కడుందో సరంగుకే (బోటు నడిపే పెద్దకే) కాదు, బోటులో ప్రతి ఒక్కరికీ తెలియాలి. పడిపోయేది సరంగే కావచ్చు కదా.

ఈట్రెక్స్ 10 లాంటి, లోపల దిక్సూచి లేని చేతి సెట్ల బాణం గురించి ఒక మాట. బోటు కదులుతుంటేనే అది దిక్కు సరిగా చెప్తుంది. ఇంజన్ ఆపి తేలుతున్నప్పుడు బాణం ఇష్టమొచ్చినట్టు తిరుగుతుంది, అది చెడిపోవడం కాదు. నిలబడ్డప్పుడు దిక్కుకి మామూలు అయస్కాంత దిక్సూచి ఒకటి ఉండాలి. దాన్ని ఇంజన్‌కీ, బ్యాటరీకీ, ఇనుప లంగరుకీ దూరంగా పెట్టాలి.

మరొకటి, ఇది ప్రాణంతో పని. బాహుదా మొగ, రుషికుల్య మొగ (ఆ నదులు సముద్రంలో కలిసే చోట్లు) ఏడాదికోసారి కాదు, పెద్ద వరద వచ్చినప్పుడల్లా పక్కకి జరుగుతాయి. పోయిన నెల వచ్చిన దారి తెరమీద చక్కగా కనిపిస్తుంది, కానీ ఆ దారిలో ఇప్పుడు ఇసుకమేట ఉండొచ్చు. మొగ బయట దాకా గీతని నమ్మండి, అక్కడి నుంచి కళ్ళతో కెరటం చూసే లోపలికి రావాలి. వానాకాలం అయ్యాక పాత మొగ దారి చెరిపేసి, పగటిపూట పోటులో కొత్తది గీయించుకోవాలి.

ఎకోలో చూడాల్సినవి

అమ్మేవాళ్ళు మొదట చెప్పేది వాట్లు. ఇంచుమించు వంద మీటర్ల లోపు వేటకి అది చివరగా చూడాల్సిన సంగతి. 200 వాట్లకీ 600 వాట్లకీ తేడా లోతు నీటిలో తెలుస్తుంది, 40 మీటర్లలో రెండూ నేలని శుభ్రంగా చూపిస్తాయి. మనకి ముఖ్యమైంది ఫ్రీక్వెన్సీ, దానితో వచ్చే కోను.

ట్రాన్స్‌డ్యూసర్ శబ్దాన్ని కిందికి గరాటులా పంపుతుంది. 200 కిలోహెర్ట్జ్‌లో ఆ గరాటు సన్నం, చాలా సెట్లలో సుమారు 15 డిగ్రీలు. 77 లేదా 50లో వెడల్పు, సుమారు 45 డిగ్రీలు. 30 మీటర్ల లోతులో సన్నది నేల మీద దాదాపు 8 మీటర్ల వెడల్పు చూస్తుంది, వెడల్పుది దాదాపు 25 మీటర్లు. పది మీటర్ల లోతులో అవే రెండున్నర, ఎనిమిది మీటర్లకి తగ్గిపోతాయి. అంటే ఒడ్డుకి దగ్గరలో ఏ ఎకో అయినా చూసేది చాలా చిన్న జాగా.

రాయి వెతకడానికి, నేలకి అంటుకున్న చేపని నేల నుంచి విడదీసి చూడ్డానికి సన్న కోను. వెడల్పు కోనులో రాయి పక్కన ఉన్న చేప రాయి గీతలోనే కలిసిపోతుంది. మధ్య నీటిలో తిరిగే కవళ్ళ గుంపు, కానాగడతల గుంపు ఎటుందో వెతకడానికి వెడల్పు కోను. కాబట్టి రెండూ ఉన్న సెట్టే కొనాలి. ఒక్క ఫ్రీక్వెన్సీ సెట్టు చవకగా వచ్చినా వద్దు. చిర్ప్ అని రాసి ఉన్నది ఒకే గొంతుతో కాకుండా కొన్ని ఫ్రీక్వెన్సీల మీదుగా శబ్దం పంపుతుంది, దగ్గర దగ్గరగా ఉన్న చేపలు విడివిడిగా కనిపిస్తాయి. దానికి కొంచెం ఎక్కువ పెట్టొచ్చు. 455, 800 కిలోహెర్ట్జ్‌ల ఫొటోలాంటి స్కాన్ బొమ్మలు అందంగా ఉంటాయి, కానీ ఉప్పునీళ్ళలో వాటి లోతు తక్కువ, బురదనీళ్ళలో ఇంకా తక్కువ. వాటి కోసం అదనంగా డబ్బు పెట్టక్కర్లేదు.

తెర ఎంత పెద్దదన్న దానికంటే నిలువుగా ఎన్ని చుక్కలున్నాయో చూడండి. నిలువున 480 చుక్కలున్న తెరమీద 60 మీటర్ల రేంజి పెడితే ఒక్కో చుక్క 12.5 సెంటీమీటర్లు. అంతకంటే సన్నగా అది చూపలేదు. ఎండలో తెర కనిపిస్తుందో లేదో షాపు లోపల కాదు, వీధిలోకి తెచ్చి చూడాలి. పోలరైజ్డ్ కళ్ళద్దాలు పెట్టుకునేవాళ్ళు వాటితోనూ చూడాలి, కొన్ని తెరలు ఒక కోణంలో పూర్తిగా నల్లబడతాయి.

ఎకో దేన్ని చూస్తుందో తెలిస్తే నిరాశ ఉండదు. శబ్దాన్ని బాగా తిప్పికొట్టేది చేప మాంసం కాదు, లోపలి గాలి బుడగ. గొరకలో ఆ బుడగ ఎంత పెద్దదో చెప్పక్కర్లేదు, తీసి ఎండబెట్టి అమ్ముతాం. గొరకలు, జెల్లలు, కవళ్ళు తెరమీద గట్టిగా పడతాయి. వంజరానికి ఆ బుడగే లేదు. చిన్న సూరలకీ లేదు. అవి బోటు కిందే ఉన్నా పలచటి గీతలా పడతాయి, ఒక్కోసారి అదీ పడదు. వంజరం వల వేసేవాళ్ళు దాన్ని వెతకడానికి ఎకో కొంటే మోసపోతారు. అది తినడానికి వచ్చే చిన్న చేపల గుంపుని వెతకడానికైతే కొనొచ్చు. రొయ్య కోసం ఎకో పనికిరాదు, అది ఉండే నేల ఎక్కడ మెత్తబడిందో తెలుసుకోవడానికి మాత్రం పనికొస్తుంది.

ట్రాన్స్‌డ్యూసర్ ఎక్కడ?

ఇక్కడే సగం సెట్లు చెడ్డపేరు తెచ్చుకుంటాయి. మనకి నిజంగా మిగిలేవి రెండు దారులు.

మొదటిది, బోటు పక్కకి దించి ఎత్తుకునే గొట్టం. అంగుళం జీఐ గొట్టం గానీ, స్టీల్ గొట్టం గానీ తీసుకుని, కింద స్టీల్ పట్టీకి ట్రాన్స్‌డ్యూసర్ బిగించి, బోటు అంచుకి క్లాంపు పెట్టాలి. దించినప్పుడు ట్రాన్స్‌డ్యూసర్ బోటు అడుగు కంటే రెండు మూడు అంగుళాలు కిందకి ఉండాలి, దాని మొహం నేల వైపు సమంగా చూడాలి. ప్రొపెల్లరుకి బాగా ముందు, బోటు మధ్య భాగంలో పెడితే నురగ తగలదు. వల లాగే వైపు కాకుండా అవతలి వైపు పెట్టాలి, లేకపోతే మొదటి రోజే వల దానికి చుట్టుకుంటుంది. క్లాంపు గట్టిగా బిగించినా గొట్టం పై చివరకి వేరే తాడు బోటుకి కట్టాలి. ఏదైనా తగిలినప్పుడు గొట్టం విరగకుండా వెనక్కి మడిచిపోవాలి, దానికి మడతబందు దగ్గర ఒక పలచని చెక్క పిన్ను వాడితే పిన్ను విరిగి సామాను మిగులుతుంది. కెరటం దాటేదాకా, ఒడ్డుకి కొట్టేముందు గొట్టం పైకి. ఆ పని ఒక మనిషికి అప్పజెప్పాలి, అందరి పని అనుకుంటే ఎవరూ ఎత్తరు. గొట్టం దించి ఇంజన్ జోరుగా నడిపితే గొట్టం వణుకుతుంది, నురగ పుట్టి తెరమీద గీతలు పడతాయి. నాలుగైదు నాట్ల వేగం దాటకుండా చూసుకోవాలి.

రెండోది, బోటు లోపలి నుంచి ఫైబర్ గుండా చూసే పద్ధతి. బయట ఏమీ ఉండదు, ఇసుకకి దొరకదు, ఎత్తే దించే పని లేదు. కానీ ఒక షరతు ఉంది. ఆ చోట ఫైబర్ ఒకే గట్టి పొరగా ఉండాలి. మన బోట్లలో చాలావాటికి మునగకుండా అడుగుకీ తలానికీ మధ్య ఫోము నింపి ఉంటుంది, ఫోములో గాలి ఉంటుంది, గాలి గుండా ఆ శబ్దం పోదు. చెక్క పొర మధ్యలో ఉన్నా అంతే. అందుకని అతికించే ముందు పరీక్ష చెయ్యాలి. ప్లాస్టిక్ సంచిలో గాలి లేకుండా నీళ్ళు పోసి ట్రాన్స్‌డ్యూసర్‌ని అందులో పెట్టి ఆ సంచిని అడుగుకి ఆనించండి, లేదా మొహానికి దట్టంగా వాజలీన్ రాసి అడుగుకి అదిమి పట్టండి. 20 మీటర్ల నీటిలో, మొదట పక్కన దించి చూసిన బొమ్మనీ, లోపలి నుంచి వచ్చిన బొమ్మనీ పోల్చండి. సీసపు గుండు తాడు వేసి లోతు కూడా సరిచూడండి. బొమ్మ కొంచెం మందగించడం మామూలే. నేల గీతే తెగిపోతుంటే ఆ చోటు పనికిరాదు.

పనికొస్తే ఆ జాగాని గరుకు కాగితంతో రుద్ది, నూనె మరక లేకుండా తుడిచి, నెమ్మదిగా గట్టిపడే ఎపాక్సీ పోసి, ట్రాన్స్‌డ్యూసర్‌ని కొంచెం ఓరగా దించి తిప్పుతూ అదమాలి. అలా అయితే బుడగలు పక్కకి పోతాయి. కింద ఒక బుడగ మిగిలినా అది ఎప్పటికీ గుడ్డి మచ్చే. సిలికాన్ పేస్టుతో అతికించొద్దు, మెత్తగా ఉండి శబ్దాన్ని మింగుతుంది. ఒక రోజు పూర్తిగా ఆరనివ్వాలి. ఈ పద్ధతిలో రెండు పోతాయి. స్కాన్ బొమ్మలు రావు. నీటి వేడి కూడా సరిగా రాదు, అది చూపేది బోటు అడుగు వేడి.

నీటి వేడి అంత చిన్న సంగతి కాదు. ఇన్‌కాయిస్ చెప్పే చోట్లు ఉపగ్రహం చూసిన సముద్రపు వేడి, నీటిలోని పచ్చదనం రెండూ కలిపి లెక్కగట్టినవి. మబ్బుగా ఉన్న రోజుల్లో ఆ కబురే రాదు. కబురు వచ్చిన రోజు కూడా, మనం చేరేసరికి ఆ అంచు నీటివాలుతో జరిగి ఉంటుంది. అక్కడికి చేరాక తెరమీద వేడి అంకె అర డిగ్రీ, డిగ్రీ మారే గీతని పట్టుకుంటే ఆ అంచు దొరుకుతుంది. ఈ పని చేసేవాళ్ళు పక్క గొట్టమే పెట్టుకోవాలి.

ఏ పద్ధతిలోనైనా ట్రాన్స్‌డ్యూసర్ తీగని కోసి అతకొద్దు, పొడవు ఎక్కువైతే పెద్ద చుట్టగా చుట్టి పెట్టండి. దాన్ని పెట్రోలు, కిరోసిన్ అవుట్‌బోర్డు (బోటు వెనక బయట తగిలించే) ఇంజన్ స్పార్కు ప్లగ్గు తీగకి దూరంగా పోనివ్వండి. ఇంజన్ వేగం పెంచినప్పుడల్లా తెరమీద చుక్కలు పెరుగుతుంటే అది అక్కడి నుంచి వస్తున్నదే, రెసిస్టర్ రకం ప్లగ్గు వేస్తే చాలావరకు పోతుంది. ఓరగా వరసగా పడే గీతలు వేరు, అవి పక్క బోటు ఎకోవి.

కరెంటు లెక్క

3.5 అంగుళాల కాంబో సుమారు పావు ఆంపియరు తాగుతుంది. పన్నెండు గంటలకి 3 ఆంపియర్ అవర్లు. సీల్డ్ లెడ్ బ్యాటరీని సగం వరకే వాడాలి, కాబట్టి యూపీఎస్‌లో వాడే 12 వోల్టు 7 ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీ ఒక రాత్రికి సరిగ్గా సరిపోతుంది. 7 అంగుళాల సెట్టు వెలుగు పూర్తిగా పెడితే ఒక ఆంపియరు దాకా పోతుంది, అదే రాత్రికి 12. దానికి 26 ఏహెచ్ బ్యాటరీ కావాలి, తొమ్మిది కిలోలకి దగ్గర బరువు, రోజూ ఇసుకలో మొయ్యాలి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ అయితే 18, 20 ఏహెచ్ చాలు, బరువు సగం కంటే తక్కువ, కానీ దానికి దాని ఛార్జరే వాడాలి. తెర పెద్దదైతే ఖర్చు ఎలా పెరుగుతుందో ఇక్కడ తెలుస్తుంది.

లెడ్ బ్యాటరీని ఇంటికి తెచ్చిన రోజే ఛార్జి పెట్టాలి. వేట లేదని నాలుగు రోజులు ఖాళీగా వదిలేస్తే పలకలు గడ్డకడతాయి, ఆ తరవాత ఎంత ఛార్జి చేసినా గంటలోనే దిగిపోతుంది. 7 ఏహెచ్‌కి 0.7 ఆంపియరు ఛార్జరు చాలు. తెరమీద వోల్టేజి చూపించే గడి పెట్టుకోండి, 12.0కి వచ్చిందంటే తెర వెలుగు తగ్గించాలి, 11.5కి వస్తే ఆపేసి చేతి జీపీఎస్‌కి మారాలి. బ్యాటరీని మూత డబ్బాలో పెట్టి తీసుకెళ్ళండి, ఛార్జి చేసేటప్పుడు మాత్రం డబ్బా మూత తీసి గాలి తగిలేచోట పెట్టండి.

సెల్ఫ్ స్టార్ట్ ఉన్న ఇంజన్లకి సెట్టుని స్టార్టింగ్ బ్యాటరీకే కలిపితే, స్టార్ట్ కొట్టినప్పుడల్లా వోల్టేజి పడి సెట్టు ఆరి మళ్ళీ వెలుగుతుంది. విడి బ్యాటరీ మేలు. ఎర్ర తీగ మీద, బ్యాటరీకి దగ్గరగా, 2 లేదా 3 ఆంపియర్ల ఫ్యూజు తప్పనిసరి. తీగ తగరపు పూత ఉన్న రాగిది అయితే పచ్చబడదు. అతుకుల మీద వేడికి ముడుచుకునే ట్యూబు వెయ్యాలి. రోజూ ఊడదీసే ప్లగ్గు పిన్నులే మొదట చచ్చేవి. వాటిని మంచినీళ్ళతో తుడిచి, ఆరాక సిలికాన్ గ్రీజు సన్నగా రాయండి. తెరని కిరోసిన్‌తో, థిన్నర్‌తో తుడిస్తే పైపొర తెల్లబడుతుంది, మెత్తని తడిగుడ్డ చాలు.

పెట్టుకున్నాక

ఫిష్ ఐడీ అని చేప బొమ్మలు చూపేది ఆపేయండి. నీటిలో తేలే చెత్తకీ, బుడగలకీ అది చేప బొమ్మ వేస్తుంది. రేంజిని ఆటోలో వదలకుండా లోతుకి రెండింతల పైన పెట్టి చూస్తే, గట్టి నేల అయితే అసలు గీత కింద రెట్టింపు లోతులో మరో గీత కనిపిస్తుంది. మెత్తని బురద అయితే అది రాదు. లోతు యూనిట్టు ఫాథమ్‌లో పెడితే అంకె మన బారలకి దగ్గరగా ఉంటుంది, తాడు కొలతతో పెరిగిన పెద్దలకి మీటరు లెక్క చెప్పక్కర్లేదు. సాధారణంగా దొరికే సెట్ల మెనూల్లో తెలుగు, ఒడియా ఉండవు, కాబట్టి నొక్కాల్సిన నాలుగు బటన్ల బొమ్మ గీసి, ప్లాస్టిక్ అతికించి డబ్బా మూతకి కట్టండి.

హద్దులు కూడా ఎక్కించుకోవాలి. రుషికుల్య మొగ దగ్గర తాబేళ్ళ కోసం నవంబరు 1 నుంచి మే 31 దాకా ఒడ్డు నుంచి 20 కిలోమీటర్ల లోపు వేట నిషేధం. ఆ హద్దు బిందువులు మత్స్యశాఖ ఆఫీసులో రాయించుకుని, మీ బోటు తరగతికి ఏది వర్తిస్తుందో అడిగి, ఒక్కో బిందువుకి దగ్గరికొస్తే మోగే అలారం పెట్టుకోండి. గోలాబంధ దగ్గర సైన్యం ఫైరింగ్ రేంజి, గోపాలపూర్ పోర్టు దారి కూడా అలాగే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో వేట నిషేధం వల్ల బోటు ఆగితే సెట్టుని ఇంట్లో పొడి చోట పెట్టి, సెల్లులు తీసేసి, లెడ్ బ్యాటరీని నెలకోసారి ఛార్జి చేస్తే చాలు.

ఏ బోటుకి ఏది

పైవల బోటు, లాంగ్‌టెయిల్ ఇంజన్, నలుగురు మనుషులు: తేలే చేతి జీపీఎస్ ఒకటి, పౌచ్‌లో ఫోను, అంతే. మిగిలిన డబ్బుతో లైఫ్ జాకెట్లు కొనండి.

నేలవల, గేలం బోటు: 77/200 కిలోహెర్ట్జ్ ఉన్న 4 అంగుళాల కాంబో, పక్క గొట్టం, 7 ఏహెచ్ బ్యాటరీలు రెండు, మామూలు చేతి జీపీఎస్ ఒకటి. మా లెక్కలో ఈ తీరానికి ఎక్కువమందికి సరిపడేది ఇదే.

అవుట్‌బోర్డు ఛార్జింగ్ ఉన్న రింగు వల బోటు, సరంగు ఎకో చదవడం నేర్చినవాడు: 7 అంగుళాల కాంబో, 26 ఏహెచ్ లేదా లిథియం బ్యాటరీ, ఫోము లేని చోటు దొరికితే లోపలి ట్రాన్స్‌డ్యూసర్.

కొనేది బరంపురంలోనైనా, విశాఖ ఫిషింగ్ హార్బర్ దగ్గరైనా, బిల్లు మీద సెట్టు సీరియల్ నంబరు, ట్రాన్స్‌డ్యూసర్ మోడలు రెండూ రాయించండి. వారంటీ మన దేశంలో చెల్లుతుందో అడగండి. ట్రాన్స్‌డ్యూసర్ విడిగా దొరుకుతుందా, దాని ప్లగ్గు 4 పిన్నులా, 8 పిన్నులా అని ముందే తెలుసుకోండి, ఎందుకంటే మొదట పోయేది అదే. ట్రాన్స్‌డ్యూసర్‌ని గాలిలో ఎక్కువసేపు నడిపించి చూపించే షాపుని ఆపమనండి, లోపల శబ్దం పుట్టించే స్ఫటికం వేడెక్కుతుంది. బకెట్టు నీళ్ళలో ముంచి అంకెలు రావడం లేదని సెట్టుని తప్పు పట్టొద్దు, అంత తక్కువ లోతు ఏదీ కొలవదు. పాత సెట్టు అయితే తీగని మొదలు నుంచి చివరిదాకా చేత్తో నొక్కుతూ పోండి, ఎక్కడైనా మెత్తగా ఉంటే లోపల నీళ్ళు ఉన్నట్టే, తీసుకోవద్దు.

సెట్టులో దాచిన చోట్లన్నీ నెలకోసారి నోటుపుస్తకంలో రాయండి. పేరు, అంకెలు, లోతు బారల్లో, నేల రకం, ఏ నెలలో ఏ చేప పడింది అని. పుస్తకం మొదటి పేజీలో ఫార్మాట్ ఏదో రాసి ఉంచండి, కొత్త సెట్టు కొన్నాక వాటిని తిరిగి ఎక్కించేది ఎవరైనా తప్పు పోకుండా.